గొంగడు కాపలా కాసిన బస్తా

బత్తాయి తోట మట్టిదారికి ఆనుకుని ఉంది. ఆ దారి తోట గేటు ముందు ఒకసారి వంపు తిరిగి, తూర్పున కాలువల కిందికి పోతుంది. గేటుకు ఇరవై అడుగుల లోపల ఒక రేకుల గది. గదిలో మోటారు స్టార్టరు, రెండు పారలు, ఒక మూల వేరుశనగ పొట్టు కుప్ప, ఇంకో మూల గోడకు ఆనించిన రెండు కుక్కమేత బస్తాలు. ఒక బస్తా మూతి విప్పి ఉంది. రెండోది పురికొసతో బిగించి కట్టి ఉంది. ఈ కథ ఆ రెండో బస్తాది.

గది గడపమీద కూర్చునేవాడు గొంగడు. మంద కుక్క. బూడిదరంగు గరుకు బొచ్చు. గొర్రెల కాపరి ఐలయ్య భుజాన వేసుకునే గొంగడిలాగే ఉంటాడని ఆ పేరు పెట్టారు. ఆరేళ్లు మంద వెంట నడిచాడు. కార్తీకం దాటి మెట్ట ఊళ్లలో గడ్డి ఎండిపోగానే ఐలయ్య ఆరువందల గొర్రెలను తోలుకుని తూర్పుకు పోతాడు. మృగశిర కార్తెకు తొలకరి పడగానే తిరిగొస్తాడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఈ తోటలో మూడు రోజులు మంద కట్టడం రివాజు. చెట్లకు ఎరువు, కాపరులకు బియ్యం.

పోయినసారి తూర్పుకు పోయేటప్పుడు ఆ మూడు రోజుల్లోనే ఒక బోరుబండి వెనక్కి వస్తూ గొంగడి వెనక కాలు తొక్కింది. నాలుగో రోజు పొద్దున మంద కదిలింది. గొంగడు లేవలేకపోయాడు. తోట చూసుకునే సాయమ్మ వెదురుబద్దలు పెట్టి కాలు కట్టింది. కాలు అతికింది కానీ వంకరగా అతికింది. తోటలో తిరగడానికి పనికొస్తుంది. రోజుకు పన్నెండు మైళ్లు నడవడానికి పనికిరాదు.

మందతో పాటు అతని జోడు, మంద కుక్క చంద్రి కూడా వెళ్లిపోయింది. అప్పటికి చంద్రి కడుపుతో ఉంది.

వేసవిలో తోట ఆసామి పట్నం నుంచి వచ్చి ఈ రెండు బస్తాలూ దింపాడు. రెండోదాని మూతి తన చేత్తోనే కడుతూ సాయమ్మతో అన్నాడు: "మంద కుక్కలు ఎముకల గూళ్లయి వస్తాయి. మంద ఉన్న మూడు రోజులూ వాటికి ఇందులోంచి పెట్టు. మిగిలింది వీడికే. వానలు పడితే ఈ బురదలో కారు దిగదు, మళ్లీ దసరాకే వస్తాను."

ఆ మాట గొంగడు విన్నాడు. ఆ రోజు నుంచి గడప వదిలితే ఒట్టు.

ఎటు తిరిగి కూర్చున్నాడో కూడా చెప్పాలి. మంద కుక్క మందను చూస్తూ కూర్చోదు. మందకు వీపు పెట్టి, ముఖం బయటికి తిప్పి కూర్చుంటుంది. తోడేలు బయటి నుంచే వస్తుంది కాబట్టి. గొంగడి తల్లి నేర్పిన పని అదే, అతనికి వచ్చిన పనీ అదే. బస్తాకు వీపు పెట్టి, దారివైపు ముఖం తిప్పి కూర్చున్నాడు. పని పద్ధతి అదే కాబట్టి అలా కూర్చున్నాడని అనుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. తూర్పున దుమ్ము లేస్తే అందరికంటే ముందు తనకే కనిపించాలి.

మొదటి వారంలోనే గోడ పునాది కన్నంలోంచి నూకమ్మ తల బయటపెట్టింది. నూకమ్మ చుంచెలుక. ఆ పునాదిలో ఉన్న ముప్పై పైచిలుకు చుంచులకు అమ్మమ్మ.

"గొంగడన్నా, ఒక మాట. నువ్వు లోపలివాళ్లను కరుస్తావా?"

"లోపలివాళ్లంటే ఎవరు?"

"మేమే. ఈ గోడ కట్టిన ఏడు నుంచీ ఇక్కడే ఉన్నాం. మా అత్త ఈ పునాదిలోనే పోయింది."

గొంగడు దారిమీద నుంచి చూపు తిప్పలేదు. "లోపల ఉన్నవాళ్లను మంద కుక్క కరవదు."

"అదే అడుగుదామని. ఆ తెల్లపిల్లి మీగడ ఉంది చూడు, పక్క చేలో మోటారు గది దానిది. పోయిన నెల గోడ దూకి వచ్చి మా చెల్లెలి కొడుకును నోట కరుచుకుపోయింది. ఏడుద్దామంటే కూడా భయమేసింది."

"బయటి నుంచి వచ్చేది ఏదైనా ఈ గడప దాటదు."

"నీ నీడన బతుకుతాం అన్నా."

"బస్తా జోలికి మాత్రం రాకండి."

"ఎంత మాట. అది వదిన కోసం దాచింది కదూ. మాకు ఆ పొట్టు కుప్పలో రాలిన పప్పులే ఎక్కువ. నమ్మకం లేకపోతే రోజూ పొద్దున్నే మూతి దగ్గర వాసన చూసుకో. పిడికెడు తగ్గితే నీ ముక్కుకు తెలియకుండా ఉంటుందా?"

చంద్రిని వదిన అన్నవాళ్లు ఆ తోటలో అంతవరకు లేరు. గొంగడికి ఆ మాట బాగుంది. ఇంకోసారి అంటుందేమోనని కాసేపు చూశాడు. నూకమ్మ అప్పటికే లోపలికి పోయింది.

లోపలికి పోయి తన వాళ్లను కూర్చోబెట్టి చెప్పింది: "మూతి దగ్గర ఎవరూ నోరు పెట్టొద్దు. గోడవైపు, అడుగున కన్నం చేయండి. ఎంత తీస్తే అంత పొట్టు లోపలికి కూరండి. బస్తా ఒక్క వేలు కూడా కుంగకూడదు. మన వాసన వస్తే ఏం ఫర్వాలేదు, మనం ఇక్కడ ఉన్నామని అతనికి తెలుసు."

"చప్పుడు వింటాడు కదా అమ్మమ్మా?" అంది ఒక మనవరాలు.

"వింటాడు. అందుకే తోక చూసి పని చేయాలి. దారిమీద ఏదైనా కదిలితే అతని తోక కొస ఆడుతుంది. అప్పుడు చెవులు కూడా అక్కడే ఉంటాయి. తోక ఆడినంతసేపు కొరకండి. ఆగితే ఆగండి."

ఆ దారిమీద రోజుకు ఇసుక లారీలు ఎనిమిదో తొమ్మిదో పోతాయి. పాలబండి రెండుసార్లు, మేకలు ఒకసారి. మధ్యాహ్నం సుడిగాలి లేచినా దుమ్మే. చుంచులకు పని తక్కువ కాలేదు.

గొంగడు మాత్రం రోజూ పొద్దున లేచి, కుంటుకుంటూ బస్తా దగ్గరికి వెళ్లి, మూతికి ముక్కు ఆనించేవాడు. మాంసం, గోధుమ కలిసిన వాసన. నిన్నటిలాగే ఉంది. తృప్తిగా వచ్చి మళ్లీ గడపమీద కూర్చునేవాడు.

వైశాఖంలో ఒక ముసలి కొంగ వచ్చి ఎదుటి గోడమీద వాలింది. కాలువల కింద గొర్రెల వెంట పురుగులు ఏరుకు తినే కొంగల్లో అది ఒకటి.

"గొంగడంటే నువ్వేనా? గరుకు బొచ్చు, విరిగిన కాలు అని ఆనవాలు చెప్పింది."

"ఎవరు?"

"నీకు కబురు పంపేవాళ్లు పదిమంది ఉన్నారా ఏమిటి? చంద్రి నాలుగు పిల్లల్ని పెట్టింది."

గొంగడు మూడు కాళ్లమీద లేచి నిలబడ్డాడు. "ఎవరి పోలిక?"

"రెండే మిగిలాయి." కొంగ అటూ ఇటూ చూసి చెప్పింది. "ఒకటి కాలువలో పడింది. ఒకటి ఎండకు తాళలేదు. ఉన్నవాటిలో పెద్దవాడు తల్లి పోలిక. చిన్నది ఆడది, అచ్చం నీ గరుకే."

"నడుస్తోందా?"

"నడుస్తుంది, ఆగుతుంది. ఐలయ్య సగం దూరం దాన్ని భుజాన వేసుకుని మోస్తున్నాడు. ఆ ముసలాడు మాత్రం ఎన్నాళ్లు మోస్తాడు? అందుకే చంద్రి కబురు పెట్టింది. నీ దగ్గర మేత ఉంటే చిన్నదాన్ని నీ దగ్గర వదిలి వెళుతుందట. లేదంటే వెంటే తీసుకుపోతుంది. ఇక ఆపైన దాని కాళ్లు, దాని ఓపిక."

"ఉందని చెప్పు. నా తిండి వేరు, అది వేరు. నిండు బస్తా. మంద కుక్కలు మూడు రోజులు తిన్నా, చిన్నదానికి దసరా దాకా వస్తుంది."

కొంగ మెడ సాచి గదిలోకి చూసింది. "అదేనా?"

"అదే."

"బాగా నిండుగా ఉంది," అంది కొంగ. అప్పటికి అందులో మూడోవంతు పొట్టే.

కొంగ ఎగిరిపోయాక గొంగడు చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఆ రోజు నుంచి అతని ఎదురుచూపు మారింది. ఇంతకుముందు గంటల చప్పుడు కోసం, చంద్రి నడక కోసం చూసేవాడు. ఇప్పుడు తాను చూడని ఒక కుక్కపిల్ల కోసం చూస్తున్నాడు. దానికి గది నీడలో ఏ మూల మెత్తగా ఉంటుందో వెతికి, అక్కడ రెండు రోజులు పడుకుని చూశాడు. చలువ సరిపోయిందనిపించింది. తోటలో ఏ పాదులో నీళ్లు నిలుస్తాయో గుర్తు పెట్టుకున్నాడు. దారిమీద ఏది కదిలినా తోక ఆడించడం రెట్టింపయింది.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం మీగడ గోడ ఎక్కింది. ఇవతలికి దిగి, గడపకు పది అడుగుల దూరంలో ఆగి, ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఓయ్ గొంగడూ, పళ్లు చూపించకు. కొట్లాటకు రాలేదు."

"వచ్చిన దారినే పో."

"పోతాను. ముందు ఒక మాట విను. నిన్న నీ గోడ అవతల నిలబడ్డాను. లోపల కొరికే చప్పుడు. నీ బస్తాకు ముసలం పుట్టింది."

"రోజూ వాసన చూస్తున్నాను. ఏమీ తగ్గలేదు."

"మూతి దగ్గర చూస్తావు. అడుగున ఎప్పుడైనా చూశావా?"

గొంగడు మళ్లీ దారివైపు చూశాడు.

"నన్ను ఒక్క పూట లోపలికి వదులు. నీ మేత నేను తిననులే, నాకు వాంతి వస్తుంది. నాకు కావలసింది వేరే."

"లోపల ఉన్నవాళ్లు నన్ను నమ్ముకుని ఉన్నారు."

"వాళ్లు నీ గొర్రెలా?"

"లోపల ఉన్నవాళ్లు లోపలివాళ్లే."

"సరే, నీ గొర్రెలు నీ ఇష్టం. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ బస్తాను మూతితో తోసి చూడు. బరువుగా కదిలితే నేను మళ్లీ ఈ గోడ ఎక్కను. ఎంతసేపు పని అది?"

ఇందులో తప్పు పట్టడానికి గొంగడికి ఏమీ దొరకలేదు. లేచాడు. సగం వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే తూర్పున దుమ్ము లేచింది. ఎర్రగా, వెడల్పుగా, మెల్లగా కదులుతున్న దుమ్ము. గొంగడు మళ్లీ దారివైపు తిరిగాడు. తోక కొస ఆడింది. గదిలో చుంచులు పని మొదలుపెట్టాయి.

"లారీ అది," అంది మీగడ.

"మెల్లగా వస్తోంది."

"ఇసుక ఎక్కువ ఎత్తారు, అందుకు."

దుమ్ములోంచి లారీ వచ్చింది, గేటు ముందు వంపు తిరిగింది, వెళ్లిపోయింది. గొంగడు దాని వెనక దారి ఖాళీ అయ్యేదాకా చూశాడు. తిరిగి చూసేసరికి మీగడ గడప దగ్గరికి వచ్చేసి, మెడ చాచి లోపల ఏదో వింటోంది. గొంగడికి ఇక వేరే ఆలోచన రాలేదు. బయటి నుంచి వచ్చింది గడపమీద ఉంది. కుంటికాలితోనే దూకి మీగడ చెవి పట్టాడు. మీగడ విదిలించుకుని గోడెక్కింది. చెవి కొస చీలింది.

"నీ పని నువ్వు బాగా చేస్తున్నావు," అంది గోడమీద నుంచి. "అదే నీకు తెగులు."

కన్నంలోంచి నూకమ్మ గొంతు వినిపించింది: "నువ్వు లేకపోతే మా గతి ఏమిటన్నా."

మృగశిర దాటిన మూడో రోజు మంద వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత గంటలు, ఆ తర్వాత ఐలయ్య అరుపు. గొంగడు గేటు దాకా పరుగెత్తలేదు. గడపమీదే నిలబడి చూశాడు. కాపలా ఇంకా అయిపోలేదు.

చంద్రి వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వెనక తెల్లటి పెద్దవాడు, ఇంకా వెనక, ఆగి ఆగి, గరుకు బొచ్చు చిన్నది.

"ఏమయ్యా, కాలు అతికిందా?"

"అతికింది. ఏదో అతికింది."

"చిక్కావు."

"నువ్వే చిక్కావు. ఆ మాటలు తర్వాత. ముందు పిల్లల్ని లోపలికి తీసుకురా. అదిగో బస్తా. మీకోసమే."

చిన్నది వచ్చి గొంగడి ముందుకాలు వాసన చూసింది. నచ్చినట్టుంది, ఆ కాలుకే ఒరిగి కూర్చుంది. గొంగడు కదలకుండా నిలబడ్డాడు.

సాయమ్మ రేకు పళ్లేలు తెచ్చి పురికొస విప్పింది. డబ్బా ముంచి తీసింది. మొదటి డబ్బా నిండా గింజలే. పిల్లలు రెండూ తలలు దూర్చాయి. మందలోని మిగతా రెండు కుక్కలు కూడా వచ్చాయి. రెండో డబ్బాలో సగం గింజలు, సగం పొట్టు. మూడో డబ్బా అంతా పొట్టే. సాయమ్మ బస్తా పైకెత్తింది. ఒంటి చేత్తో లేచింది. అడుగున, గోడవైపు, పిడికిలి పట్టేంత కన్నం. అందులోంచి వేరుశనగ పొట్టు నేలమీద కుప్పగా జారింది. పెద్దవాడు దాంట్లో మూతి పెట్టి తుమ్మాడు.

"గడపమీదే కూర్చున్నావు కదరా," అంది సాయమ్మ. తిట్టినట్టు కాదు. నిజంగానే అర్థం కాక అంది.

గొంగడు పునాది కన్నం దగ్గరికి వెళ్లాడు. "నూకమ్మా."

"ఇక్కడే ఉన్నానన్నా. మూతి లోపల పెట్టకు, పట్టదు."

"వదిన కోసం దాచిందన్నావు."

"అన్నాను. మాకూ పిల్లలున్నారు. ఈ వేసవిలో ఒక్కటీ పోలేదు, నీ పుణ్యమే." నూకమ్మ గొంతులో వెటకారం లేదు. "నువ్వు అటు చూశావు కాబట్టి ఇటు తిన్నాం. ఇటు చూసి ఉంటే ఇంకో గది వెతుక్కునేవాళ్లం. అందులో దాపరికం ఏముంది?"

గొంగడు తిరిగొచ్చేసరికి చంద్రి విప్పిన బస్తాలోకి, గొంగడి సొంత బస్తాలోకి, తొంగి చూస్తోంది. అడుగున నాలుగు దోసిళ్లు ఉంటాయి.

"ఇదే మిగిలిందా?"

"నేను తక్కువ తింటాను. చిన్నదానికి పెడతాను. సాయమ్మ కూడా ఏదైనా వేస్తుంది."

"సాయమ్మ గిన్నె ఇందాకే చూశాను. అంబలి నీళ్లు. మీ ఆసామి మళ్లీ ఎప్పుడొస్తాడు?"

"దసరాకి."

చంద్రి గడప దాకా వెళ్లి బయటికి చూసింది. తర్వాత అడిగింది: "ఎటు తిరిగి కూర్చున్నావు?"

"దారివైపు."

"నేనూ అలాగే కూర్చునేదాన్ని," అంది చంద్రి. గొంగడు ఆ మాటను జీవితాంతం ఓదార్పుగా ఉంచుకోవచ్చు. కానీ ఆ వెంటనే ఆమె ఇంకో మాట అంది. "చిన్నదాన్ని తీసుకుపోతాను. ఇక్కడ ఇద్దరూ పస్తుంటారు. మంద వెంట అయితే చచ్చిన గొర్రె ఏదైనా దొరుకుతుంది."

మంద తోటలో ఉన్న మూడు రోజులూ గొంగడు తన వంతు తినలేదు. చిన్నది తిన్నది. తిని, గొంగడు పడుకుని చూసిన ఆ చల్లటి మూలను తనే వెతుక్కుని పడుకుంది.

"ఇక్కడుంటే రోజూ నడవక్కర్లేదా?" అని అడిగింది రెండో రోజు.

"అక్కర్లేదు."

"నువ్వు ఇక్కడే ఉంటావా?"

"ఇక్కడే."

"మరి నేనెందుకు పోవాలి?"

గొంగడు దాని చెవి వెనక నాకాడు. ఆ ప్రశ్నకు చెప్పదగ్గ జవాబు ఒకటే ఉంది. అది ఖాళీ బస్తా రూపంలో గోడకు వేలాడుతోంది. సాయమ్మ ఉతికి ఆరేసింది.

నాలుగో రోజు పొద్దున ఐలయ్య తన కంబళి భుజాన వేసుకుని కేక వేశాడు. మంద లేచింది. గొంగడు గోడ దగ్గరికి వెళ్లి పక్క చేనివైపు రెండుసార్లు మొరిగాడు. మీగడ వచ్చింది. చీలిన చెవి మానింది కానీ మొన తిరిగి అతకలేదు.

"పిలిచావా, తరిమావా?"

"పిలిచాను. లోపలికి పో. ఆ పునాది నీది."

"ఇప్పుడా," అంది మీగడ. గడప దాటి లోపలికి పోయింది. పునాదిలో ఉన్నపాటున కలకలం రేగి అణిగిపోయింది. కాసేపటికి మీగడ మూతి నాక్కుంటూ బయటికొచ్చి గోడెక్కి కూర్చుంది.

గొంగడు గది లోపలికి ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. ముందు రెండు దోసిళ్ల మేత మిగిలిన బస్తా. వెనక దారి. గంటలు గేటు దాటాయి.

"నేను చూస్తుంటాలే ఈ బస్తాను. వెళ్లి గేటు దాకా సాగనంపి రా," అంది మీగడ.

"వద్దు."

"చంద్రి ఆగింది."

గొంగడు తిరగలేదు.

"చిన్నది నడవనంటోంది. కూర్చుంది. ఐలయ్య ఎత్తుకున్నాడు." మీగడ మెడ సాచింది. "భుజం మీద నుంచి ఇటే చూస్తోంది."

"చెప్పకు."

గంటలు పలచబడ్డాయి. గొంగడి తోక కొస ఒకసారి ఆడి ఆగిపోయింది. కళ్లు మాత్రం బస్తా అడుగునే ఉన్నాయి.

"ఇంకా కనిపిస్తున్నారా?" అని అడిగాడు చివరికి.

"దుమ్మే," అంది మీగడ.

కాపలా ఉన్నవాడు దొంగ వచ్చే వైపు చూడాలి, తన మనసు పోయే వైపు కాదు.